కంబాలకొండ నుంచి కడలి ఒడ్డు దాకా: ఒక సీజను ప్రకృతి నడకల సమీక్ష

విశాఖపట్నంలో పాతికేళ్లుగా ఉంటున్నప్పటికీ, జాతీయ రహదారి మీద బస్సులో వెళ్లేటప్పుడు కిటికీలోంచి కనిపించే పచ్చదనంగా తప్ప కంబాలకొండ అభయారణ్యాన్ని నేను ఏనాడూ దగ్గరగా చూసి ఎరగను. బంధువులు వస్తే కైలాసగిరి, మొక్కు ఉంటే సింహాచలం, ఏమీ తోచకపోతే బీచ్ రోడ్డు. మా ఇంటి తిరుగుడంతా అంతే. గత డిసెంబరులో ఏడో తరగతి చదువుతున్న మా అన్నయ్య కొడుక్కి బడిలో "మన ఊరి జీవజాలం" అనే ప్రాజెక్టు ఇచ్చారు. వాడు వచ్చి "అత్తా, మన ఊళ్లో ఏ జంతువులు ఉన్నాయి?" అని అడిగితే, కుక్కలు, ఆవులు, కాకులు అని చెప్పి ఆగిపోయాను. ఆ సిగ్గుతోనే, నగరంలో గైడ్ వెంట ప్రకృతి నడకలూ స్వచ్ఛంద సేవా కార్యక్రమాలూ నిర్వహించే ఒక సంస్థలో మా ఇద్దరి పేర్లూ నమోదు చేయించాను. డిసెంబరు నుంచి మార్చి చివరి దాకా వారు నడిపిన కార్యక్రమాల్లో ఐదింటికి వెళ్లాం.

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. దాన్ని నడుపుతున్నది ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజులు వెచ్చిస్తున్న యువకులు. నేను చెప్పబోయే లోపాలు వారికి ఇప్పటికే ఉత్తరంలో రాసి పంపాను కనుక, వాటికి పేరు తగిలించి ప్రచారం చేయవలసిన అవసరం లేదు. ఇలాంటి బృందాలు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నాయి. ఎవరితో వెళ్లినా ఏం ఆశించవచ్చు, ఏం అడిగి తెలుసుకోవాలి అన్నది చెప్పడమే ఈ సమీక్షలో నా ఉద్దేశం. రుసుముల సంగతి ముందే చెబుతాను. పగటి నడకలకు పెద్దలకు 300 రూపాయలు, పిల్లలకు అందులో సగం, రాత్రిపూట తాబేళ్ల కాపలాకు 500 రూపాయలు తీసుకున్నారు. ముళ్లకంపలు తొలగించే శ్రమదానానికి రుసుము లేదు. అభయారణ్యంలో ప్రవేశ రుసుము ఎవరిది వారు విడిగా కట్టుకోవాలి.

మొదటి నడక కంబాలకొండలో. తూర్పు కనుమల్లోని ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలో ఉన్న ఈ అడవిలో చిరుత, కణుజు, చుక్కల దుప్పి, అడవి పంది, నక్క, కొండచిలువ ఇప్పటికీ ఉన్నాయి. రహదారికి అటువైపు, 1977లో ప్రారంభమైన జంతు ప్రదర్శనశాలలో పులిని చూడటానికి జనం బారులు తీరతారు గానీ, ఇటువైపు చిరుత స్వేచ్ఛగా తిరిగే అడవి ఉందన్న ఊహ వారిలో చాలామందికి రాదు; నాకూ రాలేదు. ఉదయం ఆరు గంటలకల్లా గేటు దగ్గర ఉండాలన్నారు. ఉన్నాం. ఇరవై మందికి మించి తీసుకువెళ్లబోమని ప్రకటనలో రాసినవారు, ఆ రోజు పోగైన ముప్పై ఎనిమిది మందినీ ఒకే వరుసలో లోపలికి నడిపించారు.

గైడ్‌గా వచ్చిన యువకుడికి విషయం బాగా తెలుసు. పిట్ట కనిపించకుండానే కూత విని పేరు చెప్పగలిగేటంత పరిచయం అతనికి ఆ అడవితో ఉంది. చిక్కంతా అతని నడుముకు కట్టుకున్న స్పీకరుతో వచ్చింది. ముప్పై ఎనిమిది మందికి వినిపించాలంటే మైకు తప్పదు. మైకు మోగితే పిట్ట నిలవదు. పిట్ట ఎగిరిపోయాక దాని గురించి మైకులో వివరించడం ఒకటే మిగులుతుంది. మొదటి గంటంతా ఇలాగే గడిచింది. ముందు వరుసలో నడిచిన పది మంది పిట్టలను చూశారు, మధ్యలోని పది మంది వాటి తోకలను చూశారు, వెనక నడిచిన మేము కొమ్మల ఊపును చూశాం.

మరొక చిక్కు భాషది. తోటివారిలో తొంభై పాళ్లు తెలుగువారే అయినా గైడ్ వివరణంతా ఇంగ్లీషులో సాగింది. చేతిలోని బొమ్మల పుస్తకంలో ఒక రంగురంగుల పక్షిని చూపిస్తూ దాని పేరు "ఇండియన్ పిట్టా" అని చెప్పి ముందుకు సాగిపోయాడు. ఆ "పిట్టా" అన్నది మన పిట్టేనని, 19వ శతాబ్దంలో పక్షిశాస్త్రజ్ఞులు తెలుగు మాటను తీసుకుని ఆ ప్రజాతి మొత్తానికి శాస్త్రీయ నామంగా పెట్టారని, మన పెద్దలు దాన్ని పొన్నంగి పిట్ట అనేవారని ఆ సమయంలో ఒక్క మాట చెప్పి ఉంటే, పిల్లలు ఆ పేరు ఇక జన్మలో మరచిపోరు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1860లలోనే మన పక్షుల తెలుగు పేర్లు అడిగి తెలుసుకుని తన గ్రంథంలో నమోదు చేసుకున్నాడు. నూట అరవై ఏళ్ల తరువాత విశాఖలో పుట్టి పెరిగిన పిల్లవాడికి ఆ పేర్లు చెప్పేవారు నడకలో లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

నిజానికి లేకపోలేదు, ఉన్నాడు, అయితే వరుసలో అందరికంటే వెనక ఉన్నాడు. చేతికర్ర పట్టుకుని, ఎవరూ దారి తప్పకుండా చూసుకుంటూ వస్తున్న అడవి కాపలాదారు (వాచర్) ఒకచోట బండరాయి దగ్గర ఆగి, మా వాణ్ణి పిలిచి కింద చూపించాడు. రాతి మీద ఎండి నల్లబడిన పెంట, అందులో గుండ్రటి గింజలు. "రాత్రి నక్క ఇటెల్లింది బాబూ. రేగుపళ్లు తినీసి ఎల్లింది. ఈ గింజలు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి మరి" అన్నాడు. మా వాడు ముక్కు మూసుకోవడం మరచిపోయి పుల్లతో ఆ గింజలను విడదీసి లెక్కపెట్టాడు, పదకొండు ఉన్నాయి. ఆ రాయి నక్కకు ఎందుకు ఇష్టం, ఎత్తయిన చోటనే అది ఎందుకు వదిలిపెడుతుంది, ఈ పొద మీదుగా వెళ్లిందని ఎలా తెలుస్తుంది అని వాడు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయన నింపాదిగా సమాధానం చెప్పాడు. ఆ పది నిమిషాల పాఠం విన్నది నలుగురమే. మిగిలిన ముప్పై నాలుగు మంది అప్పటికి మైకు వెంట మలుపు తిరిగిపోయారు.

అయినా ఆ గైడ్‌ను తక్కువ చేయలేను. చెరువు గట్టుకు చేరాక అతను తనంతట తానే స్పీకరు ఆపేసి, అందరినీ చెట్ల నీడలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాల పాటు ఎవరూ మాట్లాడవద్దని, ఫోను బయటికి తీయవద్దని చెప్పాడు. రెండో నిమిషానికి దగ్గులు ఆగాయి. మూడో నిమిషంలో గట్టు మీది తీగ పైనుంచి పసిరిక పిట్ట ఒకటి గాల్లోకి లేచి, తూనీగను పట్టుకుని మళ్లీ అదే చోట వాలి, దాన్ని తీగకేసి రెండుసార్లు బాది మింగింది. ఎవరూ వివరించలేదు, ఎవరికీ వివరణ అవసరం కాలేదు. మూడు గంటల నడకలో నేను చెల్లించిన మూడు వందలూ ఆ ఐదు నిమిషాలకే సరిపోయాయి.

జనవరిలో వెళ్లిన ఎర్రమట్టి దిబ్బల నడక గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. భీమిలి దారిలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ దిబ్బలను 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించింది. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే నూరు మీటర్లకు పైగా దిగిపోయినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఒడ్డుకు తోసి మేట వేయడం, ఆ ఇసుకలోని ఇనుము వేల ఏళ్లలో తుప్పుపట్టి రేణువు రేణువుకూ ఎర్రపూత పూయడం, తరువాతి వానలు ఆ మేటను కోసి లోయలు చేయడం, ఇదంతా ఆ రోజు వచ్చిన భూగర్భశాస్త్ర అధ్యాపకులు చక్కగా, అదీ తెలుగులో, వివరించారు. దోసెడు ఎర్ర ఇసుకను సీసాలో నీళ్లు పోసి గట్టిగా కుదిపి, ఎరుపంతా నీటిలోకి దిగి అడుగున తెల్లటి రేణువులు మిగలడం చూపించినప్పుడు పెద్దవాళ్లం కూడా చుట్టూ మూగాం. అయితే అటువంటి చోట నడిపించేవారి మొదటి బాధ్యత అంచుల మీదికి ఎవరినీ ఎక్కనివ్వకపోవడం. అడుగు పడిన ప్రతిచోటా ఆ అంచు పిండిలా జారిపోతుందని అధ్యాపకులు ఒకవైపు చెబుతుండగానే, మరొకవైపు మా బృందంలోని వారే అంచుకెక్కి ఫోటోలు దిగుతుంటే నిర్వాహకులు చూస్తూ ఊరుకున్నారు. ప్రసంగం కూడా ఎండెక్కాక మరో ముప్పావు గంట సాగింది. ఆ దిబ్బల్లో నీడ ఉండదు, కాబట్టి వెళ్లేవారు గొడుగు తీసుకువెళ్లడం మంచిది.

గైడ్ వెంట చేసిన నడకల్లో అన్నిటికంటే ఉత్తమమైనది జోడుగుళ్లపాలెం దగ్గరి రాళ్ల ఒడ్డున జరిగింది. దీనికి పద్నాలుగు మందినే తీసుకున్నారు. అమావాస్య వెళ్లిన రెండో నాటి సాయంత్రం, సముద్రం బాగా వెనక్కి తగ్గే వేళ చూసి పిలిచారు. మన తీరంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే కనుక, రాళ్ల మీది మడుగులు బయటపడి మళ్లీ మునిగేలోపు దొరికే వ్యవధి చాలా తక్కువ. గంటన్నరలో ముగించాలన్న పట్టుదల వల్లనే కాబోలు, ఈ నడకలో ఒక్క మాట కూడా అదనంగా లేదు. గైడ్‌గా వచ్చిన జంతుశాస్త్ర పరిశోధకురాలు మొదట నియమాలు చెప్పారు: దేన్నీ చేత్తో తీయకూడదు, రాయి తిప్పితే మళ్లీ అదే వైపున యథాతథంగా పెట్టాలి, ఖాళీ గుల్ల అయినా సరే ఇంటికి తీసుకువెళ్లకూడదు. ఆ మూడో నియమం ఎందుకని మా వాడు అడిగాడు. ఆమె సమాధానం చెప్పకుండా వాణ్ణి ఒక మడుగు పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టారు.

అరచేయంత మడుగది. అడుగున రెండు గుల్లలు. ఒకటి కదులుతోంది, ఒకటి కదలడం లేదు. కదిలే గుల్లలోంచి చిన్న పీత తల బయటికి పెట్టి, కదలని గుల్ల దగ్గరికి వచ్చి, అది ఖాళీయో కాదో ముందుకాళ్లతో తడిమి చూసుకుంది. అంచు చుట్టూ కొలిచింది. లోపలికి ఒక కాలు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఇల్లు అద్దెకు చూసుకునే మనిషి కుళాయి తిప్పి చూసినట్టు, తలుపు వేసి చూసినట్టు ఉంది ఆ తతంగమంతా. నాలుగైదు నిమిషాలకు మనసు కుదిరినట్టుంది. మెత్తటి ఒళ్లంతా ఒక్క క్షణం బయటపెట్టి, వెంటనే కొత్త గుల్లలోకి వెనక్కి దూరిపోయింది. ఆ పీతకు నడుము కింది భాగంలో గట్టి పెంకు ఉండదని, పెరిగే కొద్దీ పెద్ద గుల్ల వెతుక్కోక తప్పదని, ఒడ్డున మనం ఏరుకున్న ప్రతి శంఖమూ దానికి దక్కకుండా పోయిన ఇల్లేనని ఆమె అప్పుడు చెప్పారు. మరుసటి ఆదివారం మా వాడు రెండేళ్లుగా బీరువా మీద దాచుకున్న గుల్లల సీసా పట్టుకుని, తనను బీచికి తీసుకువెళ్లమని నన్ను పోరి, ఆ రాళ్ల మధ్యే బోర్లించి వచ్చాడు. సీసా మాత్రం తిరిగి తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం నేను జారిపడి, రాతికి అంటుకుని ఉన్న ఆలుచిప్పల మీద చేయి ఆనించడంతో అరచేయి కోసుకుపోయింది. గైడ్ సంచిలో మంచినీళ్లు, మందు, పట్టీ సిద్ధంగా ఉన్నాయి. రెండు నిమిషాల్లో కట్టు కట్టి, ఆ రెండు నిమిషాల్లోనే నేను కోసుకున్నది ఏ జాతి ఆలుచిప్పో కూడా చెప్పారు. మడమకు పట్టీ ఉండే చెప్పులు వేసుకురమ్మని ముందే చెప్పినా మామూలు చెప్పులతో వెళ్లిన తప్పు నాదే.

ఇక శ్రమదానం. కొండ దిగువన ఉన్న ఒక పార్కులో లాంటానా కంప తొలగించడానికి పిలిచారు. 19వ శతాబ్దం మొదట్లో అలంకారానికని అమెరికా ఖండం నుంచి మన దేశపు తోటల్లోకి వచ్చిన ఈ పొద, తోట గోడ దాటి అడవులన్నిటినీ ఆక్రమించింది. నేల మీద ఎండ పడనివ్వదు, మరో మొలకను లేవనివ్వదు, పశువులు దాన్ని ముట్టవు, దాని నల్లటి పళ్లను మాత్రం పిగిలి పిట్టలు తిని విత్తనాలను ఊరంతా చల్లుతాయి. పని అవసరమైనదే. అది చేయించిన తీరు మాత్రం ఈ సీజను మొత్తంలో నన్ను నిరాశపరిచింది. కళాశాలల నుంచి ధ్రువపత్రం కోసం వచ్చినవారితో కలిపి అరవై మందిమి ఉన్నాం. మొత్తం గునపాలు మూడు, చేతి తొడుగులు ఎనిమిది జతలు. బ్యానరు ముందు ఫోటోలకు నలభై నిమిషాలు, ప్రతిజ్ఞకు పది నిమిషాలు, పనికి యాభై నిమిషాలు పట్టాయి. లాంటానా కొమ్మకు సన్నటి ముళ్లుంటాయి. తొడుగులు లేనివారు కత్తులతో, కొడవళ్లతో పైపైన కొట్టి పక్కన కుప్పవేశారు. కుప్ప పెద్దదే అయింది, ఫోటోలో బాగా కనిపించింది కూడా.

ఆ పార్కులో పనిచేసే మాలి ఒకాయన చాలాసేపు చేతులు కట్టుకుని చూసి, ఇక ఉండబట్టలేక వచ్చి మా దగ్గరి గునపం అడిగి తీసుకున్నాడు. మొదలు చుట్టూ మట్టి తవ్వి, కాండం వేరుగా మారే చోటికి కిందుగా, అంటే నేలమట్టానికి రెండంగుళాల లోతున, గొడ్డలితో ఒక్క దెబ్బ వేసి పొదను పెకలించి, వేరు ఆకాశం వైపు ఉండేటట్టు తలకిందులుగా నిలబెట్టాడు. పైన నరికితే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయని, పీకి పక్కన పడుకోబెట్టినా వాన పడితే మళ్లీ నాటుకుంటుందని చెప్పాడు. నెల తరువాత పని మీద అటు వెళ్లినప్పుడు ఆగి చూశాను. మేము నరికిన చోటల్లా జానెడు జానెడు చిగుళ్లు నిగనిగలాడుతున్నాయి. ఆయన తీసిన ఆరేడు పొదల చోట మాత్రం నేల ఖాళీగా ఉంది, అక్కడ సన్నటి గడ్డి మొలుస్తోంది. అరవై మంది గంటసేపు చేసిన పనీ, తెలిసిన ఒక్కడు పావుగంటలో చేసిన పనీ పక్కపక్కనే కనిపిస్తున్నప్పుడు, ఆ కార్యక్రమానికి నేను విడిగా మార్కులు వేయవలసిన పని లేదు. పదిహేను మందిని పిలిచి, పదిహేను గునపాలు ఇచ్చి, ఆ మాలిని గురువుగా నిలబెడితే ఇదే కార్యక్రమం ఎంతో బాగుండేది.

ఫిబ్రవరిలో రెండు రాత్రులు, మార్చి చివర ఒక తెల్లవారుజాము తాబేళ్ల కాపలాకు వెళ్లాం. ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్లు ఏటా జనవరి నుంచి మార్చి దాకా మన తీరమంతటా రాత్రిళ్లు ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. వీటిని కుక్కలు, నక్కలు తవ్వి తినకుండా, అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానిక మత్స్యకారులు గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుక మడిలో తిరిగి పాతిపెట్టి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలోకి వదులుతారు. మాలాంటి వారికి దొరికే పని ఆ మత్స్యకారుల వెంట రాత్రి ఒంటి గంట నుంచి నాలుగు దాకా ఒడ్డు వెంబడి నడవడం, గుంట తవ్వడంలో చేయి అందించడం, లెక్క రాయడం.

మాకు దారి చూపిన ఆయనకు అరవై ఏళ్లు దాటాయి. చంద్రుడు లేని రాత్రి, ఎర్రకాగితం చుట్టిన టార్చి కూడా వెలిగించనివ్వలేదు. నేను అలవాటుగా ఫోను తీయబోతే, "దీపం ఒద్దమ్మా. సంద్రం మీద ఎల్తురుంది కదా, అది సాలు" అన్నారు. పావుగంట నడిచేసరికి నిజంగానే చాలింది. నురగ గీత తెల్లగా, తడి ఇసుక బూడిద రంగులో, పొడి ఇసుక నల్లగా కనిపించసాగాయి. రెండో మైలులో ఆయన చటుక్కున ఆగిపోయారు. నీటి అంచు నుంచి పైకి, చిన్న ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక జాడ. వెళ్లిన జాడ ఉంది, తిరిగి వచ్చిన జాడ లేదు.

తాబేలుకు వెనకవైపుగా పది అడుగుల దూరంలో ఇసుక మీద బోర్లా పడుకుని చూశాం. రెండు అడుగుల డిప్ప. వెనక కాళ్లను ఒకదాని తరువాత ఒకటి గుంటలోకి దించి, దోసిలి పట్టినట్టు ఇసుకను పైకి తీసి, పక్కకు విదిలించి, మళ్లీ దించుతోంది. కాలు అందినంత లోతయ్యాక కదలడం మానేసింది. గుడ్లు రెండేసి, మూడేసిగా, మెత్తటి తెల్లటి బంతుల్లా పడసాగాయి. కళ్ల వెంట జిగురునీరు కారుతోంది. ఒంట్లోని ఉప్పును బయటికి పంపే గ్రంథుల నుంచి వచ్చే నీరది. సంగతి తెలిసి కూడా నాకు చూడబుద్ధి కాలేదు. చివరికి గుంట పూడ్చి, ఒంటిని కుడికీ ఎడమకీ ఊపుతూ పొట్టతో దబదబా ఇసుకను దిమ్మిస చేసినప్పుడు ఆ అదురు నా మోచేతులకు తెలిసింది. అంతా కలిపి గంటలోపే. శ్రీకూర్మంలో దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆయన పేరే చెప్పుకుంటాం గానీ, ఆయన రూపం ఇంత కష్టపడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

అది నీళ్లలోకి వెళ్లిపోయాక గుడ్లు తీశాం. పెట్టిన కొద్ది గంటల్లోపు, పిండం పెంకుకు అంటుకోకముందే తరలించాలి; ఆ తరువాత గుడ్డు దొర్లితే పిండం చనిపోతుంది. అందుకే ఆ రాత్రికి ఆ రాత్రే మడిలో, మోచేయి దాటిన లోతున, కుండ ఆకారంలో గుంట తీసి పేర్చాం. నూట పన్నెండు. మా వాడు చెక్కపలక మీద తేదీ, సంఖ్య రాసి పాతాడు. నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువగా పుడతాయి.

రెండో రాత్రి ఇలా జరగలేదు. మా వెనక అరగంట తేడాతో నిర్వాహకులు మరో ఇరవై మందిని తీసుకువచ్చారు. అప్పుడే ఒడ్డెక్కి పొడి ఇసుక దాకా వచ్చిన తాబేలు ముందు నాలుగైదు ఫోన్ల లైట్లు ఒక్కసారిగా వెలిగాయి. అది ఆగింది, తల తిప్పింది, గుంట తవ్వకుండానే సముద్రంలోకి తిరిగి వెళ్లిపోయింది. ఎవరో "అయ్యో, వీడియో రాలేదు" అన్నారు. పెద్దాయన మాత్రం గొంతు పెంచలేదు. "ఒగ్గీండి. ఇంకో రేత్రికి వస్తాది, ఇంకో సోట పెడతాది" అని, ఆ బృందం వైపు చూడకుండా ముందుకు నడిచారు. కార్యక్రమానికి ముందు ఫోన్లు తీసి సంచిలో వేయించుకోవడం ఐదు నిమిషాల పని. అది చేయకపోవడాన్ని అనుభవలేమిగా సరిపెట్టుకోలేను.

అదే తీరంలో రెండు చచ్చిన తాబేళ్లనూ చూశాం. ఊపిరి కోసం పైకి రావలసిన ఈ జీవులు ట్రాలర్ల వలల్లో చిక్కి నీళ్లలోనే ఊపిరాడక చనిపోతాయి. వల నుంచి తాబేలు తప్పించుకునే ద్వారం అమర్చే పరికరం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధమూ ఉంది, అయితే అది మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు గడిచిపోతుంది. పిల్లలు ఉన్నారని నిర్వాహకులు ఈ విషయం దాటవేయబోయారు. పెద్దాయనే కళేబరం దగ్గర ఆగి మా వాడికి అంతా చెప్పారు, పడవల మీద బతికే తన వాళ్ల ఇబ్బందులతో సహా.

వెళ్లాలనుకునేవారికి కొన్ని మాటలు. పదేళ్లలోపు పిల్లలకు రాళ్ల ఒడ్డు నడక, ఆ పైబడిన వారికి తాబేళ్ల రాత్రి బాగుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు కంబాలకొండలో చెరువు గట్టు దాకా వెళ్లి ఆగిపోవచ్చు. రాత్రి కాపలాలో మూడు గంటలు ఇసుకలో నడవాలి, మరుగుదొడ్డి సౌకర్యం ఉండదు. ఈ రెండో విషయం ప్రకటనలో ఎక్కడా రాయకపోవడం ఆడవాళ్లకు నిజమైన ఇబ్బంది. డబ్బు కట్టే ముందు అడగవలసినవి: ఎంతమందిని తీసుకువెళతారు, గైడ్ ఏ భాషలో చెబుతారు, స్థానికులు ఎవరైనా వెంట వస్తారా, మైకు ఉంటుందా. మైకు ఉంటుందంటే మరో బృందాన్ని వెతుక్కోవడం మేలు. మొత్తం మీద ఐదు మార్కులకు గాను రాళ్ల ఒడ్డు నడకకు ఐదు, తాబేళ్ల మొదటి రాత్రికి ఐదు, రెండో రాత్రికి ఒకటి, కంబాలకొండకు మూడు, దిబ్బలకు మూడు, లాంటానాకు ఒకటి ఇస్తాను. ఆ ఒకటీ మాలికి.

మార్చి చివర తెల్లవారుజామున వెళ్లినప్పుడు మా పలక ఉన్న గుంట మీద ఇసుక కుంగి ఉంది. చీకటి ఉండగానే వచ్చిన పిల్లలను బుట్టలో ఉంచారు. నీటికి పది అడుగుల ఇవతల వదిలితే, అగ్గిపెట్టెంత కూడా లేని డిప్పలు ఇసుక మీద ఈదుకుంటూ వెళ్లాయి. రెండు మాత్రం వెనక్కి తిరిగి బీచ్ రోడ్డు దీపాల వైపు నడవబోతే పెద్దాయన అరచేయి అడ్డం పెట్టి దారి మళ్లించారు. తరువాత గుంట తవ్వి పెంకులు లెక్కపెట్టాం. నూట పన్నెండుకు తొంభై ఏడు. ఆ లెక్కను ఆయన తన నోటు పుస్తకంలో మా వాడి చేతనే రాయించారు.

ఆ వారమే సంస్థకు మూడు సూచనలతో ఉత్తరం రాశాను. నడకకు పదిహేను మందికి మించి వద్దని, మైకు మానేయమని, వాచర్లనూ మత్స్యకారులనూ మాలినీ ముందు వరుసలో నిలబెట్టి, వారి పేర్లు ప్రకటనలో వేసి, వసూలైన రుసుములో వారికి భాగం ఇవ్వమని. మొదటి రెండూ వచ్చే సీజను నుంచి అమలు చేస్తామని, మూడోది కమిటీలో చర్చించి చెబుతామని మర్యాదగా జవాబు ఇచ్చారు. డిసెంబరు కంబాలకొండ నడకకు మా ఇద్దరి పేర్లూ ఇచ్చి ఉంచాను. కమిటీ నిర్ణయం ఇంకా రాలేదు.